పౌండు మళ్ళిన నాడు

పౌండు విలువ పడిపోయిందని మా ఇంట్లో అందరికంటే ముందు నా చేతులకు తెలిసింది. ఉగాది దాటిన వారంలో ఒక పొద్దున, పెరట్లో ఎంగిలి గిన్నెల కుప్ప ముందు కూర్చుని బూడిదతో తోముతున్నాను. గోళ్ళ పక్కన చర్మం చిట్లి మండుతోంది. ముందు రోజు దాకా ఆ పని సంగవ్వది. ఆమెను మాన్పించారు. కొట్లో నష్టం వచ్చింది కాబట్టి ఇంటి ఖర్చు తగ్గించాలన్నారు మామయ్య. కోడలుండగా పనిమనిషి దేనికన్నది అత్తమ్మ. నా భర్త నాగనాథ్ చెప్పులేసుకుని కొట్టుకు వెళ్ళిపోయాడు. ఎక్కడో ఇంగ్లండులో దిగిన పౌండుకూ, నాందేడ్‌లో మా పెరట్లో నేను తోమే ఇత్తడి గిన్నెకూ మధ్య ఉన్న దారి ఆ పొద్దున నాకు తేటగా కనిపించింది. వాళ్ళ అంచనా తప్పింది, దాని నష్టాన్ని నా ఒంటితో పూడ్చుకుంటున్నారు. అన్నిటికంటే ఎక్కువ మండించిన సంగతి ఇంకొకటుంది. పౌండు పడుతుందని నేను ముందే చెప్పాను.

మాది గురుద్వారాకు వెళ్ళే దారిలో బట్టల కొట్టు. పగిడీల గుడ్డ, శాలువాలు, షోలాపూర్ దుప్పట్లు అమ్ముతాం. మా మామయ్య రామకిషన్ తండ్రి నిజామాబాద్ వైపు నుంచి వచ్చి పెట్టిన కొట్టు అది. బజారులో మరాఠీ, గిరాకీలతో హిందీ, ఇంట్లో తెలుగు. హోలీకి, దసరాకు, దీపావళికి పంజాబీ యాత్రికులు రైళ్ళ నిండా వస్తారు. వాళ్ళలో ఇంగ్లండులో స్థిరపడినవాళ్ళు కొందరు. వాళ్ళ దగ్గర పౌండ్ల నోట్లుంటాయి. బ్యాంకు తలుపులు తెరిచే వేళకూ వాళ్ళ దర్శనాల వేళకూ పొసగదు. అందుకని బజారులో ఇంకొందరిలాగే మామయ్య కూడా పెద్దాఫీసుల చుట్టూ తిరిగి, విదేశీ నోట్లు తీసుకుని రూపాయలిచ్చేందుకు లైసెన్సు తెచ్చుకున్నారు. వచ్చిన నోట్లను గడువు లోపల బ్యాంకుకు అప్పగించాలి. బ్యాంకులో ఆ రోజు ధరను నల్లబల్ల మీద సుద్దతో రాస్తారు. ఇవాళ తీసుకున్న పౌండును వారం తర్వాత ఇస్తే ఆనాటి ధరే వస్తుంది. ధర ఎక్కితే లాభం, దిగితే నష్టం. ఇది అర్థం చేసుకోవడానికి నాకెవరూ పాఠం చెప్పనక్కర్లేదు. నేను బిలోలిలో మెట్రిక్ పాసయ్యాను. ఈ ఇంట్లో అంతవరకు చదివింది నేనొక్కదాన్నే. ఆ చదువు పెళ్ళి మాటల్లో చెప్పుకోవడానికి తప్ప ఇంకెందుకూ వాళ్ళకు అక్కరకు రాలేదు.

అది డెబ్బై ఆరో సంవత్సరం, ఎమర్జెన్సీ రోజులు. మన పత్రికల్లో ఏమీ రావడం లేదని మామయ్య సాయంత్రం పూట వీధి తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి రేడియోలో లండన్ హిందీ వార్తలు పెట్టేవారు. ఆయన వినేది ఢిల్లీ సంగతుల కోసం. గోడకవతల వంటింట్లో జొన్నరొట్టెలు చరుస్తూ నేను మిగిలినవన్నీ వినేదాన్ని. ఇంగ్లండులో ధరలు పెరిగాయని, ఆ ప్రభుత్వం అప్పు కోసం తిరుగుతోందని, పౌండు మళ్ళీ దిగిందని. పగలు కొట్లో ఆడవాళ్ళు వస్తే వెనక గదిలో దుపట్టాలు చూపించడానికి నన్ను పిలిచేవారు. వాళ్ళు దుపట్టాలు చూస్తూ కష్టసుఖాలు చెప్పుకునేవారు. పోయిన దీపావళికి వచ్చిన జస్వంత్ కౌర్ అనే పెద్దావిడ అక్కడ ఉన్ని మిల్లులో పని చేసేది. మిల్లు మూసేశారట. భర్తకు పని లేదట, కొన్న చక్కెర వారం రాకుండానే అయిపోతుందేమోనని డబ్బా మూత తీసి చూసుకుంటుందట. పౌండంటే పెద్ద కోటలాంటిదనుకునే మా మామయ్యకు ఆ చక్కెర డబ్బా సంగతి తెలియదు. తెలిసినా, దానికీ ధరకూ సంబంధమేమిటని అడిగేవారు.

పోకడ పట్టుకోవడమంటే ఏమిటో నాకు అత్తవారింట్లోనే తెలిసింది. కొత్తలో మామయ్య ఒక రోజు కోప్పడితే నేను వణికిపోయేదాన్ని, మర్నాడు నవ్వితే అంతా సర్దుకుందని పొంగిపోయేదాన్ని. మెల్లగా ఒకటి గమనించాను. కొట్లో వ్యాపారం బాగాలేని నెలల్లో ఎంత మంచి కబురొచ్చినా ఆ నవ్వు ఒక పూటకే, మర్నాడు కోపం ఇంకాస్త ముదిరేది. వ్యాపారం బాగున్న నెలల్లో చెడ్డ కబురొచ్చినా ఆయన పెద్దగా పట్టించుకునేవారు కాదు. అంటే ఒక రోజు నవ్వుకూ ఒక రోజు చిరాకుకూ లెక్క లేదు, కబురొచ్చిన తర్వాత మనిషి ఎటు ఒరిగాడన్నదే చూడాలి. మెట్ల మీద అడుగుల చప్పుడు విని ఆ సాయంత్రం ఎలా గడుస్తుందో చెప్పగలిగిన ఆడదానికి పౌండెంత? దాని గురించి మంచి మాట వస్తే ఒక మెట్టు ఎక్కేది, వెంటనే రెండు మెట్లు దిగేది. హోలీకి యాత్రికులు ఇచ్చిన నోట్లు కొట్లో ఉన్నప్పుడు అన్నం వడ్డిస్తూ అదే చెప్పాను. ఇవాళే బ్యాంకుకు ఇచ్చేయండి, ఇది ఒక్క రోజు దిగుడు కాదు, అని.

మామయ్య తల కూడా ఎత్తలేదు. "పౌండంటే ఇంగ్లీషోళ్ల పైసా. దొరల పైసా కింద పడుతదా? ఆగితే ఎక్కుతది," అన్నారు కొడుకుతో. నాతో కాదు. నాగనాథ్ మాత్రం నా వైపు తిరిగి, "నీకెందుకే గివన్ని, రొట్టె మాడుతుంది సూడు," అన్నాడు. రొట్టె మాడలేదు. పౌండే పడింది. వాళ్ళు గడువు చివరిదాకా నోట్లు పట్టుకుని కూర్చుని, బాగా దిగిన ధరకు బ్యాంకులో పోసి వచ్చారు. ఆ సాయంత్రమే సంగవ్వను రావద్దన్నారు.

చెప్పింది నిజమైనా ఆ మాట ఎవరూ ఎత్తలేదు. అయితే నాగనాథ్ మర్చిపోలేదు. ఎండాకాలం మొదట్లో ఒకనాడు మంచినీళ్ళ నెపంతో వంటింట్లోకి వచ్చి, గుమ్మం దగ్గర నిలబడి, వాకిలి వైపు ఒకసారి చూసి, "నీకేమనిపిస్తుంది లీలా, ఎక్కుతదా?" అని మెల్లగా అడిగాడు. పెళ్ళయ్యాక ఆయన నన్ను ఒక విషయం అడగడం అదే మొదటిసారి. కూరలో ఉప్పు గురించి కాక, పిల్లలెందుకు కలగలేదన్న ప్రశ్న కాక, నాకేమనిపిస్తుందని. సిగ్గు విడిచి చెప్తున్నాను, నాకు సంతోషమేసింది. చెప్పాను. తీసుకున్న నోట్లు తీసుకున్నట్టే మర్నాడు బ్యాంకులో ఇచ్చేయమన్నాను. ఆయన తండ్రికి ఏమి చెప్పి ఒప్పించాడో గానీ అలాగే చేశాడు. జూన్‌లో ఇంగ్లండుకు పెద్ద అప్పు దొరికిందని వార్త వచ్చి పౌండు కొంచెం ఎక్కితే బజారంతా ఇంక భయం లేదన్నారు. నేను మాత్రం నోట్లు ఆపుకోవద్దన్నాను. నెల తిరిగేసరికి అది పాత మెట్టు కంటే కిందికి దిగింది. మా కొట్టు ఒక్కటే చెయ్యి కాల్చుకోలేదు.

వానలు పడేసరికి నాగనాథ్‌కు కొత్త పేరొచ్చింది. పౌండు నాడి పట్టినోడు. టీ కొట్టు దగ్గర ఆయన్ను ఆపి అడిగేవాళ్ళట. మామయ్య అందరి ముందూ కొడుకు భుజం తట్టేవారు. నాగనాథ్ ఇంటికొచ్చి నా చేతిలో మల్లెపూల పొట్లం పెట్టేవాడు. ఒకసారి అడిగాను, ఆ మాట నేను చెప్పానని ఒక్కరికైనా చెప్పారా అని. ఆశ్చర్యపోయాడు. "నా పేరైతే నీ పేరు కాదా? మనిద్దరిల వేరేంది?" అన్నాడు. ఎంత ప్రేమగా అన్నాడంటే బదులు చెప్పడానికి మాట దొరకలేదు. ఆ రాత్రి పూలు జడలోంచి తీసి గూట్లో పెట్టాను. పొద్దున మళ్ళీ గిన్నెల దగ్గర కూర్చున్నప్పుడు బదులు దొరికింది. మేమిద్దరం ఒకటే అయితే ఈ గిన్నెల్లో సగం ఆయన ముందెందుకు లేవు? ఆలోచన నాది, పేరు ఆయనది. నష్టం ఆయనది, దాన్ని పూడ్చే చేతులు నావి. ఆ తర్వాత కూడా ఆయన వచ్చి అడిగితే చెబుతూనే ఉన్నాను. చెప్పకపోతే ఆ ఒక్క ప్రశ్న కూడా నా దగ్గరకు రాదేమోనని భయం. ఆ భయం మీద కూడా నాకు కోపమొచ్చేది.

దసరా నాటికి పౌండు మాట ఎత్తితేనే అందరూ మొహం తిప్పుకునే స్థితి వచ్చింది. ఇంగ్లండు మళ్ళీ అప్పు అడుగుతోందని, ఈసారి అప్పిచ్చేవాళ్ళు ఇంటి ఖర్చులన్నీ ముందు పెట్టి చూపించమంటున్నారని రేడియోలో చెప్పారు. దీపావళికి వచ్చిన యాత్రికుల నోట్లను బజారులో ఎవరూ ముట్టుకోవడం లేదు. శాలువా కొని పౌండు నోటు తీస్తే శాలువా వెనక్కి లాక్కుంటున్నారు. ఏటా చెల్లించే మొక్కు కోసం జస్వంత్ కౌర్ మళ్ళీ వచ్చింది. ఈసారి తన గల్లీ ఆడవాళ్ళను వెంటబెట్టుకుని వచ్చింది. మా వెనక గదిలో కూర్చుని, ఏళ్ళ తరబడి ఓవర్‌టైం చేసి కూడబెట్టిన సొమ్ము గురూజీ ఊళ్ళో చెల్లని కాగితమైపోయిందని కళ్ళు తుడుచుకుంది. నాకు ఆమె ఏడుపుతో పాటు ఇంకొకటి కూడా వినపడింది. మిల్లు తెరుస్తారంటున్నారని, భర్తకు సగం రోజుల పనైనా దొరికిందని మాటల మధ్యలో అన్నది. రేడియోలో వారం నుంచి వస్తున్నవన్నీ చెడ్డ వార్తలే. అయినా బ్యాంకు నల్లబల్ల మీది ధర మాత్రం నిలబడి ఉంది. చెడ్డ కబురొచ్చినా దిగలేదంటే దిగాల్సిందంతా దిగిపోయిందన్నమాట. ఆ ఆలోచన వచ్చినప్పుడు దుపట్టా మడత పెడుతున్న నా చెయ్యి ఆగిపోయింది.

ఆ సాయంత్రం కాశీరాం మా ఇంటికి భోజనానికి వచ్చాడు. స్టేషన్ దగ్గర ఆయనకు పెద్ద లాడ్జి ఉంది. ఇంగ్లండు యాత్రికులందరూ అందులోనే దిగారు. వాళ్ళు లాడ్జి అద్దెకూ పౌండ్లే ఇస్తామంటున్నారు. మా లైసెన్సుతో ఆ నోట్లన్నీ తీసుకోవచ్చా, తీసుకుంటే ఎంత తక్కువకు తీసుకోవాలి, లేక మొత్తానికే వద్దనాలా అన్నది నాగనాథ్ నోట వినడానికే వచ్చాడు. నేనూ అత్తమ్మా వడ్డిస్తున్నాం. మామయ్య గర్వంగా కొడుకు వైపు చూశారు. నాగనాథ్ విస్తరిలో వేలు తిప్పుతూ కూర్చున్నాడు. కాసేపటికి మజ్జిగ తెస్తానని లేచాడు. మగవాడు వడ్డన మధ్యలో మజ్జిగకు లేవడం ఆ ఇంట్లో ఎప్పుడైనా జరిగిందా? రొట్టెల కోసం వంటింట్లోకి వెళ్ళిన నా పక్కకొచ్చి, "ఏమనిపిస్తుంది? జల్ది చెప్పు," అన్నాడు.

నేను మజ్జిగ గిన్నె చేతిలోకి తీసుకున్నాను. నాకేమనిపిస్తుందో నేనే వచ్చి చెప్తానన్నాను. ఆయన మొహం పాలిపోయింది. వద్దన్నాడు, బయటి మనిషి ముందు పరువు పోతుందన్నాడు. ఎవరి పరువు అని నేనడగలేదు. ఆయన్ను దాటుకుని బయటికి వచ్చాను.

కాశీరాం ముందు గ్లాసులో మజ్జిగ పోసి, నిలబడే చెప్పాను. "పౌండు ఇగ పడదు. తీసుకోండి. తక్కువకు కాదు, బ్యాంకు ధర చూసి న్యాయంగ తీసుకోండి."

మామయ్య చెయ్యి నోటి దగ్గరే ఆగింది. "నీకు ఎవరు చెప్పిండ్రు?" అన్నారు. ఆ గొంతు నాకు తెలుసు. ఇంకో రోజైతే తల దించుకుని వెళ్ళిపోయేదాన్ని.

"హోలీకి పడుతదని చెప్పింది నేనే మామా. ఎండకాలంల మీ కొడుకు మీకు చెప్పినయన్నీ నేను చెప్పినయే."

నాగనాథ్ వంటింటి గుమ్మంలో నిలబడి నేల చూస్తున్నాడు. అప్పుడు ఎవరూ అనుకోని చోట నుంచి మాట వచ్చింది. మా అత్తమ్మ సుందరబాయి నేతి గిన్నె కింద పెట్టింది. ముప్పై ఏళ్ళ కాపురంలో భర్త మాటకు ఎదురు చెప్పిందని ఎవరూ వినని మనిషి ఆమె. "ఆమె చెప్పేది నిజమే," అన్నది. "వాడు వంటింట్లకు వచ్చి అడుగుతుంటే నేను వినలేదా? నన్నైతే ఎవ్వరు ఏమి అడగలే. అడిగినోళ్లకు చెప్పిన పిల్లనన్న చెప్పనియ్యుండ్రి."

నేను ఆమె వైపు చూశాను. ఆమె నా వైపు చూడలేదు. ఇన్నేళ్ళూ నా పక్కనే రొట్టెలు కాల్చిన మనిషి లోపల ఇంకో మనిషి ఉందని నాకప్పుడే తెలిసింది. నాగనాథ్ తల ఎత్తాడు. ఆయన చెడ్డవాడు కాదు, ఆ మాట ఇప్పటికీ అంటాను. "అవు బాపూ," అన్నాడు. "లీలనే చెప్పింది. అన్నీ లీలనే."

కాశీరాం వ్యాపారం తెలిసినవాడు. ఎవరు చెప్పారన్నదానికంటే ఎందుకు చెప్పారన్నది ఆయనకు ముఖ్యం. ఎట్లా చెప్పగలుగుతున్నావని నన్నే అడిగాడు, వైనీ, అంటే వదినా, అని పిలిచి. నేను విన్నవన్నీ చెప్పాను. ఒక ఇల్లు సంపాదనకు మించి ఖర్చు పెడుతూ అప్పు చేసినన్నాళ్ళు దాని మాటకు విలువ తగ్గుతూనే ఉంటుంది, అప్పిచ్చేవాడు వచ్చి ఖర్చుల మీద చెయ్యి పెట్టిన రోజున తగ్గడం ఆగుతుందన్నాను. జూన్‌లో మంచి కబురు కూడా దాన్ని పైన నిలపలేకపోయిందనీ, ఇప్పుడు చెడ్డ కబురు కూడా దాన్ని కిందికి లాగలేకపోతోందనీ చెప్పాను. భయపడి అమ్మాల్సినవాళ్ళంతా అమ్మేశారు, బజారులో ఇంక భయపడేవాళ్ళు మిగల్లేదన్నాను. చెబుతుంటే నా గొంతు నాకే కొత్తగా ఉంది. అంతసేపు ఎవరూ అడ్డు రాకుండా నేను మాట్లాడడం ఆ ఇంట్లో అదే మొదటిసారి.

"తప్పైతే ఎట్ల వైనీ?" అన్నాడు కాశీరాం.

"తప్పైతే నా తప్పని ఊరంత చెప్పుండ్రి. ఒప్పైతే గూడ నా పేరే చెప్పాలె."

లాడ్జి నోట్లన్నీ మాకే పంపిస్తానని కాశీరాం అనేసరికి మామయ్య కాదనలేకపోయారు, మర్నాటి నుంచి మా కొట్లో పౌండ్లు తీసుకున్నారు. జస్వంత్ కౌర్, ఆమె వెంట వచ్చిన ఆడవాళ్ళు, ఇతర కొట్లలో అవమానపడి వచ్చినవాళ్ళు అందరూ న్యాయమైన ధరకు రూపాయలు తీసుకుని, ఆ రూపాయలతో మా దగ్గరే శాలువాలు కొన్నారు. ఆ తర్వాతి రోజులు నేనెలా గడిపానో నాకే తెలుసు. ధర మొదట కదల్లేదు. ఒక రోజు కాస్త జారింది కూడా. మామయ్య నాతో మాట్లాడడం మానేశారు. నాగనాథ్ రాత్రి పక్క మీద అటూ ఇటూ దొర్లుతూ, ఇప్పుడైనా బ్యాంకుకు ఇచ్చేద్దామా అన్నాడు. నేను నన్ను నేను తరచి తరచి ప్రశ్నించుకున్నాను. పంతం కోసం అన్నానా, నిజంగా అనిపించి అన్నానా? అనిపించే అన్నాను. నాకు వినిపించినదేదీ మారలేదు. ఆగమన్నాను.

నవంబరులో ఒక మధ్యాహ్నం నాగనాథ్ బ్యాంకు నుంచి పరుగులాంటి నడకతో వచ్చాడు. కొట్టుకు పోకుండా ముందు పెరట్లోకి వచ్చాడు. పౌండు ఎక్కుతోంది, మూడు రోజుల నుంచి వరసగా ఎక్కుతోంది, వద్దన్న బజారంతా ఇప్పుడు వెతుక్కుంటోంది. అది చెప్పి నా ఎదురుగా గిన్నెల పక్కనే నేల మీద కూర్చుండిపోయాడు. నాకు నవ్వొచ్చింది. ఎంత నవ్వొచ్చిందంటే బూడిద చేతులతోనే మొహం కప్పుకున్నాను. గడువు లోపలే నోట్లన్నీ మంచి ధరకు ఇచ్చాం. ఆ సాయంత్రం మామయ్య వంటింటి గుమ్మం దాకా వచ్చి నిలబడ్డారు. ఏదో అనాలని వచ్చి అనలేక, "రొట్టెలు బాగున్నయి," అన్నారు. అప్పటికి రొట్టెలింకా చెయ్యనే లేదు. ఆయన నోట క్షమాపణ ఆ రూపంలోనే వస్తుందని అర్థమై పొయ్యి వెలిగించాను.

సంక్రాంతి వెళ్ళాక కాశీరాం మళ్ళీ వచ్చాడు. లాడ్జిలో ముందు గది ఖాళీ చేసి ఇస్తానని, పౌండ్లే కాదు అన్ని దేశాల నోట్లూ తీసుకునే కౌంటరు పెడదామని అన్నాడు. భాగస్వామిగా నాగనాథ్ పేరు రాయిద్దామా అని మామయ్యను అడిగాడు. మామయ్య సరేనన్నారు. నాగనాథ్ నా వైపు చూసి, పాత మాటే ఇంకా మెత్తగా అన్నాడు, ఎవరి పేరైతేనేమి, ఇంటికే కదా వచ్చేది అని. ఈసారి నాకు బదులు సిద్ధంగా ఉంది.

"పౌండు పడ్డప్పుడు గిన్నెలు నా పేరు మీదికి వచ్చినయి. అప్పుడు ఎవరి పేరైతేనేమని ఎవ్వరు అనలే. ఎక్కినప్పుడు గూడ నా పేరు మీదికే రావాలె."

అత్తమ్మ లోపల్నుంచి నవ్వింది. అంత గట్టిగా ఆమె నవ్వగా నేనెప్పుడూ వినలేదు. లీలాబాయి అన్న పేరుతోనే అర్జీ పెట్టారు. అది తేలడానికి నెలలు పట్టింది, ఎన్నో ప్రశ్నలు వేశారు, చివరికి లైసెన్సు వచ్చింది. నేను చేసిన మొదటి పని సంగవ్వను పిలిపించి పాత జీతం మీద ఇంకొంత వేసి పెట్టుకోవడం. రెండోది, పొద్దున రొట్టెలు తిన్నాక నాగనాథ్ కూడా మాలాగే తన పళ్ళెం తను కడుక్కుని కొట్టుకు బయల్దేరాలని చెప్పడం. అలవాటు కావడానికి ఆయనకు కొంతకాలం పట్టింది.

కౌంటరు తెరిచిన పొద్దున నేను ఇస్త్రీ చేసిన నూలు చీర కట్టుకుని, జడ గట్టిగా అల్లుకుని వెళ్ళి కుర్చీలో కూర్చున్నాను. నాగనాథ్ పక్క బల్ల దగ్గర సామాను సర్దుతున్నాడు. కెనడా నుంచి వచ్చిన ఒక ముసలి సర్దార్జీ లోపలికి వచ్చి, నన్ను దాటి గది నలువైపులా చూశాడు. ఆయన చేతిలో డాలర్ నోట్లున్నాయి. ఇవాళ మార్చమంటారా, తిరుగు ప్రయాణం దాకా ఆగమంటారా, సేఠ్‌జీని ఒక మాట అడగాలి, ఆయనెక్కడ అన్నాడు. నాగనాథ్ సర్దడం ఆపి నా వైపు చూశాడు. డాలర్ గురించి నేను రెండు నెలలుగా వింటున్నాను.

"కూర్చోండి," అన్నాను. "సేఠ్‌ను నేనే."